"మనోళ్లు ఎవరన్నా ఉండారా?": తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం, దాని పూర్వాపరాలు

అనంతపురం జిల్లాలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరానికి వచ్చిన పిల్లలను చుట్టాలు మార్కుల కంటే ముందు అడిగే మాట ఒకటుంది: "బెంగళూరులో మనోళ్లు ఎవరన్నా ఉండారా?" ఈ ప్రశ్న సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, దీన్ని అదుపులో పెట్టాలని ప్రభుత్వం మొదటిసారి ప్రయత్నించి నూట డెబ్బై ఏళ్లు దాటింది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, చదువు వచ్చినవాడికి దొరికే కొలువు ముఖ్యంగా కచేరీలోనే, అంటే సర్కారు ఆఫీసులోనే ఉండేది. కుర్రవాడు తండ్రి వెంటో మేనమామ వెంటో వెళ్లి, జీతం లేని ఉమేదువారుగా కూర్చుని, దస్త్రాలకు నకళ్లు రాస్తూ ఖాళీ కోసం ఎదురుచూసేవాడు. ఖాళీ సంగతి ముందుగా తెలిసేది లోపలున్న బంధువుకే కాబట్టి కొలువులు కొన్ని ఇళ్ల మధ్యే తిరిగేవి. 1854లో మద్రాసు రెవెన్యూ బోర్డు తన 128వ స్టాండింగ్ ఆర్డర్‌లో, జిల్లాల్లోని కింది ఉద్యోగాలు పలుకుబడి గల కొద్ది కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూడాలని కలెక్టర్లను ఆదేశించింది. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగమే. వేరే జిల్లా అయింది 1882లో. ఆ ఆదేశంతో పెద్ద మార్పేమీ రాలేదనడానికి, 1921లో మద్రాసులోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం, వేర్వేరు కులమతాలవారికి ఉద్యోగాల్లో వాటా కోసం కమ్యూనల్ జీవో తేవలసి రావడమే నిదర్శనం. 1929లో అక్కడే ప్రభుత్వ ఉద్యోగాల ఎంపిక చూసే సర్వీస్ కమిషన్ కోసం చట్టం చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం నుంచి తిరిగివచ్చేవాళ్లకు పని చూపించాలని 1945లో పెట్టిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు (పని కోరేవాళ్ల పేర్లు నమోదు చేసుకుని ఖాళీలకు పంపే సర్కారు ఆఫీసులు) 1948లో అందరికీ తెరుచుకున్నాయి. 1959లో చేసిన చట్టం 1960 మే 1 నుంచి అమలులోకి వచ్చి, 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాలని చెప్పింది. అయితే తెలపడమే విధి. అక్కడి జాబితా నుంచే తీసుకోవాలన్న నిర్బంధం అందులో లేదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ శాఖలు ఎక్స్ఛేంజీ పేర్లతో సరిపెట్టక పత్రికల్లో కూడా ప్రకటించాలని తీర్పునిచ్చింది.

మా ఇంట్లో ఇనుప పెట్టె అడుగున మా నాన్న ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఇప్పటికీ ఉంది. మడత దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించారు. మూడేళ్లకొకసారి వేయించుకున్న రెన్యువల్ ముద్రలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆయనకు పని దొరికింది మాత్రం టీ అంగట్లో ముఖపరిచయమున్న ఒక లారీ ఆఫీసు గుమాస్తా చెప్పిన కబురుతో. చుట్టాలు ఎందరున్నా, ఆయనకు తెలిసిన ఖాళీలే వాళ్లకూ తెలుసు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రతిపాదించిన సిద్ధాంతం సరిగ్గా ఇదే చెబుతుంది. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఆయన వివరాలు సేకరించిన 282 మంది ఉద్యోగుల్లో 56 శాతం మందికి పని తెలిసినవాళ్ల ద్వారానే దొరికింది. కానీ అలా సాయపడినవాళ్లను తరచుగా కలిసేవాళ్లు వారిలో 17 శాతమే. దగ్గరివాళ్లకు మనం తిరిగే లోకమే తెలుసు, దూరపు పరిచయస్తుడు మరో లోకపు కబురు తెస్తాడు.

దగ్గరి బంధం చేసే మేలు వేరే తీరుది. 1970ల చమురు సంపద తరువాత కడప పల్లెల నుంచి కువైట్‌కు సాగిన వలసలో ముందు వెళ్లినవాడు బావమరిదికి వీసా పంపాడు. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే పంటకాలపు కూలి పనికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలకు ఊరి కూలి మేస్త్రీయే దారి. ఆ బంధం నమ్మకంగా తీసుకుపోతుంది గానీ, ముందువాడు చేసే పనికే తీసుకుపోతుంది. తల్లిదండ్రులు వేరుశనగ చేలో పనిచేసే ఇంటి నుంచి మొదటిసారి బీటెక్ చదివిన అమ్మాయికి బెంగళూరు ఆఫీసులో "మనోళ్లు" ఎక్కడుంటారు? సీనియర్ అబ్బాయికి ఫోన్ చేయడమే తప్పుగా చూసే ఇళ్లలో ఆమెకు ఆ కొద్దిపాటి దారి కూడా మూసుకుపోతుంది. ఈ సమస్యలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నేటి కంపెనీల రెఫరల్ పద్ధతి పాత సిఫారసుకు రాతరూపం. ఉద్యోగి కంపెనీ పోర్టల్‌లో అభ్యర్థి పేరు, రెజ్యూమే చేరుస్తాడు. మనిషి ఎంపికై కొన్ని నెలలు నిలబడితే చాలాచోట్ల ఉద్యోగికి బోనస్ వస్తుంది. పరీక్ష, ఇంటర్వ్యూ తప్పవు కాబట్టి పైరవీ అనలేం. కానీ వందల రెజ్యూమేల్లో ఒకటి ముందుగా కంటపడడం చిన్న మేలు కాదు. అలాంటి కంపెనీలో పనిచేసే నాకు వచ్చే సందేశాల్లో ఎక్కువ భాగం "ఏమన్నా ఉంటే చూడన్నా" అని ఆగిపోతాయి, వాటితో నేను చేయగలిగింది తక్కువ. మొన్న ఒక అమ్మాయి తాను చదివిన కాలేజీ, బ్యాచ్, మా కంపెనీ సైటులో చూసిన జాబ్ ఐడీ, తాను చేసిన ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు రాసి, రెజ్యూమే జతచేసింది. పది నిమిషాల్లో పోర్టల్ తెరిచాను. అందులో "ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు?" అని ఒక గడి ఉంటుంది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. "మా కాలేజీ జూనియర్" అని నింపాను.