ఎర్రమంజిల్ నిలబడింది సరే, దాన్ని కాపాడాల్సిన రూల్ కథేంటి?

హైదరాబాద్ మెట్రోలో ఎర్రమంజిల్ స్టేషన్‌లో దిగేవాళ్లలో చాలామందికి అక్కడ నిజంగానే ఒక మంజిల్ ఉందని తెలీదు. నిజాంల కాలంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న ప్యాలెస్ అది, ఆ గుట్టని జనం ఎర్రగుట్ట అనేవాళ్లట, నవాబుగారు దానికి దగ్గరగా వినపడేట్టు ఇరం, అంటే స్వర్గం, అని పేరు పెట్టారట, మనం మళ్లీ దాన్ని ఎర్ర చేసి పెట్టుకున్నాం. 2019 జూన్‌లో దీన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని రాష్ట్ర కేబినెట్ డిసైడ్ చేసింది. హెరిటేజ్ లిస్ట్‌లో ఉన్న బిల్డింగ్‌ని అట్లా ఎట్లా కూలుస్తారు అని అందరూ అడిగారు, ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చార్మినార్, గోల్కొండ సంగతి వేరు, అవి కేంద్రం చేతిలో ఉన్నవి. 1958 చట్టం ఉంది, దానికి 2010లో చేసిన సవరణతో చుట్టూ 100 మీటర్లలో కొత్తగా ఏం కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లకి పర్మిషన్ కావాలి. కానీ సిటీ అంటే ఆ నాలుగు కట్టడాలే కాదు కదా. దేవిడీలు (అంటే నవాబుల పాత భవంతులు), మార్కెట్లు, ఆస్పత్రులు, పాత బంగళాలు, వీటిల్లో చాలావాటికి చాలాకాలం దిక్కు లేదు, రోడ్ వైడెనింగ్ అంటే చాలు ముందు వీటి గోడలకే గీతలు పడేవి.

1995లో ముంబై హెరిటేజ్ రూల్స్ తెచ్చుకుంది, అదే ఏడాది మన దగ్గరా హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, జోనింగ్ రెగ్యులేషన్స్‌లో 13వ నంబర్ రూల్ చేరింది. లిస్ట్‌లో ఉన్నదాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా హెరిటేజ్ కమిటీ సలహా తీసుకోవాలి. లిస్ట్‌లో దాదాపు 150 కట్టడాలు ఎక్కాయి, నాకు బాగా నచ్చేది ఏంటంటే రాళ్లు కూడా ఎక్కాయి! సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు లాంటి రాయి, గచ్చిబౌలి దగ్గర తాబేలు లాంటిది, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు. కోట్ల ఏళ్ల బండల్ని హెరిటేజ్ అని రాసుకున్న ఊరు మనది, ఆ పక్కనే మిగతా బండల్ని పేల్చి టవర్లు లేపిందీ మనమే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అది చట్టం కాదు, బిల్డింగ్ పర్మిషన్ల పుస్తకంలో ఒక రూల్. జీవో మీద వచ్చింది, జీవో మీదే పోయింది. 2015 జులైలో ఉస్మానియా ఆస్పత్రి పాత బిల్డింగ్‌ని కూల్చి కొత్తది కడతామని ముఖ్యమంత్రి ప్రకటించారు, గొడవైంది, డిసెంబర్‌లో 13వ రూల్ లేకుండా పోయింది. వరస చూసి మీకు ఏమనిపిస్తే అది అనుకోండి. 2017లో రాష్ట్రం సొంతంగా హెరిటేజ్ చట్టం తెచ్చింది కానీ పాత లిస్ట్ గతేంటి అనేది నలుగుతూనే ఉంది. చివరికి 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది, కాబట్టే ఎర్రమంజిల్ ఇంకా ఉంది.

అయితే లిస్ట్‌లో పేరున్న ఇంటి ఓనర్ బాధ కూడా వినాలి. పాతబస్తీలో ఒక దేవిడీ గేటు ముందు నిలబడి చూశాను, గోడ పగులులో రావి మొక్క వేలెడంత లావు కాండంతో ఎదిగి ఉంది, దాని పక్కన ఎవరో సిమెంట్ పూశారు. అది డంగు సున్నం గోడ, లోపలి తడి బయటికి పోయే రకం, దాని మీద సిమెంట్ వేస్తే తడి లోపలే ఉండిపోయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినా కూలి ఎక్కువ, ఇంట్లో వాటాలు పంచుకునేవాళ్లు పదిమంది. కూల్చొద్దన్న రూల్ ఆయనకి ఆ మేస్త్రీ కూలి ఇవ్వలేదు, ఆయనేమో వాన కోసం చూస్తూ కూర్చుంటాడు, అదే పడిపోతే పర్మిషన్ అడగక్కర్లేదు కదా అని.

ఉస్మానియాది ఇంకో రకం. 1908 వరదల తర్వాత మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ డిజైన్‌తో లేచిన బిల్డింగ్, 2020 జులై వానలకి వార్డుల్లోకి నీళ్లొచ్చి పేషెంట్లని ఖాళీ చేయించారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన అయింది. అఫ్జల్‌గంజ్ వైపు పోతుంటే పాత గుమ్మటాలు ఇప్పటికీ బస్సులోంచి కనిపిస్తాయి.