గోదావరి ప్రేమకథలో పేటకు దక్కని నవ్వు

గోదావరి జిల్లాల సరదా ప్రేమకథ అనగానే మండువా లోగిలి, కొబ్బరితోట, కాలవ గట్టు, లాంచీ సిద్ధమైపోతాయి. లాంచీ సంగతే చూడండి. 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’ రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలం వైపు, అంటే ఎగువకు సాగాయి. డెల్టా మొదలయ్యేది ధవళేశ్వరం ఆనకట్ట దిగువన. అక్కడ ఊరంటే లోగిలి ఒక్కటే కాదు. ఊరి చివర దళితులుండే పేట, పేటలో చర్చి, ఏటి ఒడ్డున పడవలవాళ్ల ఇళ్లు, నరసాపురం చుట్టుపక్కల ఇంటి ముందు కూచుని లేసు అల్లే ఆడవాళ్లు కూడా ఊరే. నరసాపురానికి మిషనరీలు 1830ల్లోనే వచ్చారు. దాదాపు రెండువందల ఏళ్లుగా ఉన్న క్రైస్తవ కుటుంబాలు మన హాస్యచిత్రాల్లో పక్కింటివాళ్లుగా కూడా కనబడడం అరుదు.

కులం దాటిన ప్రేమ మన తెరకు కొత్త కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’లో బ్రాహ్మణ యువకుడు, దళిత యువతి ప్రేమించుకుంటారు. కథ చలానిది. అది సంస్కరణ కోసం తీసిన సినిమా, నవ్వించడం కోసం కాదు.

నవ్విస్తూ ఆ గీత దగ్గరికి వెళ్లింది 1955 నాటి ‘మిస్సమ్మ’. మొగుడూపెళ్లాలకే ఇస్తామన్న ఉద్యోగాల కోసం మేరీ, రావు భార్యాభర్తలుగా నటిస్తారు. తనవి కాని ఆచారాల మధ్య మేరీ పడే చిరాకును సావిత్రి ఎంత బాగా పలికించిందో! ఆ సినిమా హాస్యంలో సగం అక్కడే ఉంది. తీరా చివర్లో ఆమె తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని పుట్టుమచ్చ తేల్చేస్తుంది. దాంతో మతాంతర వివాహం ఊసే లేకుండా పోయింది. మేరీని పెళ్లాడతానన్న క్రైస్తవుడు డేవిడేమో బాకీ సాకుతో వెంటపడి వేధించేవాడు. ఎంత ఇష్టమైన సినిమా అయినా ఈ ముడి అక్కడే పడిందని చెప్పక తప్పదు.

తర్వాత దారి రెండుగా చీలింది. 1964లో ‘మూగమనసులు’ పడవ నడిపే గోపిని, జమీందారు కూతురు రాధను మరుజన్మలోనే కలిపింది. 2021 ‘ఉప్పెన’లో ఉప్పాడ తీరపు జాలరి కుర్రాడు పెద్దింటి పిల్లను ప్రేమించినందుకు ఆమె తండ్రి చేతిలో ఘోరమైన శిక్ష అనుభవించాడు. 2024లో ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సరదాగానే మొదలై ఆత్మగౌరవ పోరాటంగా మారింది. ఇవన్నీ రావలసిన సినిమాలే. కానీ శ్రమచేసే కులాల కుర్రాడు ప్రేమిస్తే మరుజన్మో, నెత్తురో! హాయిగా తప్పులు చేసి, తిట్లు తిని, ఆఖర్న పెళ్లిపీటలెక్కే వీలు మాత్రం లోగిలి కుర్రాడికే. 1986లో వంశీ ‘లేడీస్ టైలర్’ పల్లెటూరి దర్జీని హీరో చేసి నవ్వులు పూయించింది గానీ అలాంటివి తక్కువ.

లోపం తారల ఎంపికలో కన్నా ముందే, కథ రాసేటప్పుడే మొదలవుతుంది. హీరో ఇంటిపేరు, ఇల్లున్న వీధి, ఇంటికి వచ్చే చుట్టాలు తేల్చకుండా వదిలేస్తారు. అప్పుడు చూసేవాళ్లు అతన్ని తెలియకుండానే లోగిలివాడిగా లెక్కేసుకుంటారు. ఇక యాస. హీరోకు పుస్తకాల భాష, పాలేరుకు ‘ఆయ్, అయ్యగోరూ’. దాంతో మాట తీరే నవ్వులాట అయిపోతుంది. హీరోయిన్‌ది బయటి రాష్ట్రమైతే డబ్బింగ్ గొంతు ఏ ఊరిదీ కాకుండా పోతుంది. ఈస్ట్, వెస్ట్ అంటూ రెండు ఏరియాలుగా సినిమా అమ్మే వ్యాపారంలో ఎవరికీ కోపం రాకూడదన్న జంకు కూడా ఉంటుంది.

2022లో ‘అంటే సుందరానికీ’ బ్రాహ్మణ అబ్బాయికి, క్రైస్తవ అమ్మాయికి ముడిపెట్టింది. పుట్టుమచ్చ ఏదీ తెచ్చిపెట్టలేదు, లీలా థామస్ చివరికీ లీలా థామసే. డెల్టా పేటలోనూ అంత సరుకుంది. చాలా చర్చిల్లో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. వరుడి పేరు, వధువు పేరు చెప్పి, అభ్యంతరం ఉన్నవాళ్లు తెలపండని అడుగుతారు. మొదటివారం వెనక బల్ల మీద ఒకడు గొంతు సవరించుకుంటాడు. రెండోవారం అమ్మాయి మేనత్త లేచి నిలబడి, కొంగు సర్దుకుని మళ్లీ కూచుంటుంది. మూడో ఆదివారం ఇంకా మిగిలే ఉంది.