మురుగునీటిలో వైరస్ పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

మురుగు శాంపిళ్లలో వైరస్‌లు వెతకడం నా ఉద్యోగం. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు ముక్కు మూసుకుంటారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెడతారు.

అపోహ: మురుగులో కరోనా బయటపడితే ఆ నీళ్ల వల్ల అందరికీ అంటుకుంటుంది.

వాస్తవం: మాకు దొరికేవి ఆర్ఎన్ఏ ముక్కలు, అంటే వైరస్ జన్యుపదార్థం తునకలు. మలంతో బయటికొచ్చి, సబ్బు నీళ్లలో నానేసరికి కరోనా వైరస్‌కు అంటించే శక్తి దాదాపు ఉండదు. అలాగని మురుగు మంచిదని కాదు. పోలియో, హెపటైటిస్ ఎ నీళ్ల ద్వారా నిక్షేపంగా వ్యాపిస్తాయి. మీ మంచినీళ్ల పైపు డ్రైనేజీ కాలవలోంచి వెళ్తుంటే భయపడాల్సింది వాటికి.

అపోహ: మురుగు చూసి ఎంతమందికి సోకిందో కచ్చితంగా లెక్క తేల్చేయొచ్చు.

వాస్తవం: 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు నగరంలోని ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి కేంద్రాల) శాంపిళ్లను బట్టి సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చన్నారు. అప్పటికి రాష్ట్రమంతా కలిపినా నమోదైన కేసులు లక్షకు లోపే. అయితే అది అంచనా. సోకినవాళ్ల మలంలో 35 రోజుల దాకా ఆనవాళ్లు ఉండొచ్చు కాబట్టి అందులో కోలుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరు విడిచే వైరస్ ఒక్కోలా ఉంటుంది.

పైగా వాన. రాత్రి దంచి కొడితే పొద్దున తీసిన శాంపిల్ పలచబడిపోయి, వైరస్ తగ్గినట్టు కనిపిస్తుంది. ఇక్కడే మిరపకాయ ఆదుకుంటుంది. మిరప మొక్కలకు తెగులు తెచ్చే ఒక వైరస్ మన తిండితో కడుపులోకి వెళ్లి, చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. కారం తినని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? అందుకే దాని మోతాదు కూడా కొలుస్తాం. రెండూ ఒకే తీరున తగ్గితే వాన నీళ్లు కలిశాయని అర్థం. మిరప వైరస్ ఎప్పటిలాగే ఉండి కరోనా ఒక్కటే తగ్గితే నమ్మొచ్చు. అప్పుడూ వారం వారం గీత పైకా కిందికా అన్నదే చూడాలి. ఒక్కరోజు సీటీ వాల్యూ (వైరస్ ఎంతుందో సూచించే పరీక్ష అంకె) పట్టుకుని టెన్షన్ పడటం దండగ.

అపోహ: ఎవరింట్లో జబ్బుందో తెలిసిపోతుంది.

వాస్తవం: ఎస్టీపీకి వచ్చేసరికి వేల ఇళ్ల నీళ్లు కలిసిపోతాయి. హాస్టల్ బయటి మ్యాన్‌హోల్‌లో తీస్తే ఆ భవనం వరకు తెలుస్తుంది, మనిషి తెలియడు. అయినా అలాంటి చోట లోపలివాళ్లకు చెప్పే తీయాలంటాను.

అపోహ: అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేకపోతే కుదరదు.

వాస్తవం: నాలాల్లోంచీ తీయొచ్చు. ఎంతుందో చెప్పడం కష్టం గానీ, ఉందో లేదో చెప్పొచ్చు. అన్నీ సెప్టిక్ ట్యాంకులే ఉన్న ఊళ్లలో మాత్రం నిజంగా ఇబ్బందే.

అపోహ: రోగులే లేనప్పుడు ఈ ఖర్చెందుకు?

వాస్తవం: దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2016లో హైదరాబాద్ మురుగు శాంపిల్‌లో, చుక్కల మందులోని వైరస్ నుంచి రూపు మారిన టైప్-2 పోలియో వైరస్ దొరికింది. జబ్బు పడ్డ పిల్లలెవరూ లేరు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. పోలియో సోకినవాళ్లలో కాళ్లు చచ్చుబడేది సుమారు 200 మందిలో ఒక్కరికే. ఆ ఒక్క బిడ్డ ఆసుపత్రికి వచ్చేదాకా ఆగి ఉంటే, అప్పటికే బస్తీలకు బస్తీలు పాకిపోయి ఉండేది.