తాతగారి గురక మధ్యలో ఆగితే

పిల్లలూ, ఆశీస్సులు.

డాబా మీద పడుకున్నప్పుడు తాతగారి గురక ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు మళ్లీ మొదలవుతోందనీ రాశారు. ఆ మధ్యలో ఆయన ఊపిరి తీస్తున్నారా అని అడిగారు. తీయాలని ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం అందదు. చాలామంది పెద్దవాళ్లు గమనించని సంగతి మీరు పట్టుకున్నారు.

కాలువ నుంచి చేలోకి పోయే బోదె చూశారుగా, గట్టంతా మెత్తటి మట్టి. నాలుక వెనకాల గొంతు కూడా అలాంటిదే, నిలబెట్టడానికి ఎముక లేదు, అంతా కండే. మెలకువగా ఉన్నంతసేపూ ఆ కండ బిగువుగా ఉంటుంది, నిద్రలో సడలుతుంది. దారి ఇరుకైతే వచ్చేపోయే గాలికి గట్లు అదురుతాయి, అదే గురక. గట్టు పూర్తిగా జారితే బోదె పూడినట్టే. 10 సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగితే డాక్టర్లు లెక్కలో వేస్తారు. ఈ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగడం, బాగా తగ్గిపోవడం కలిపి గంటకు 15 సార్లు దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం.

బోదె పూడితే ముందు ఎండేది శివారు చేను. మన ఒంట్లో ఆ చేను మెదడు. బరువులో 2 శాతమే అయినా, ఒంటికందే ఆక్సిజన్‌లో అయిదో వంతు అదే వాడుకుంటుంది. అందులోనూ జ్ఞాపకాలు నిలిపే భాగం అసలు ఓర్చుకోలేదు.

నీరు పెట్టడమే కాదు, మురుగు పోవడమూ ముఖ్యమేనని మన డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మురుగు కాలువకు గుర్రపుడెక్క పట్టిన ఏడు సార్వా ఏమవుతుందో తాతగారినే అడగండి. మెదడుకూ మురుగు ఉంటుంది. నిద్రపోయే చిట్టెలుకల మెదడులో కణాల మధ్య సందులు 60 శాతం దాకా వెడల్పవుతాయనీ, అమిలాయిడ్ అనే వ్యర్థం త్వరగా కొట్టుకుపోతుందనీ 2013లో చూశారు. అల్జీమర్స్‌లో పేరుకునేది అదే. గంటకు ముప్పైసార్లు తెగే నిద్రలో ఆ పని ఎలా సాగుతుంది?

2011లో అమెరికాలో సగటున 82 ఏళ్లున్న 298 మంది ఆడవాళ్ల సంగతి బయటికొచ్చింది. సుమారు అయిదేళ్లలో, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో నూటికి 45 మందికి, ఆగనివాళ్లలో 31 మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నాయి. ఆగేవాళ్లందరికీ రాలేదు, ఆగనివాళ్లకూ వచ్చింది. కాబట్టి తాతగారు కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోతే హడలిపోకండి. ఆయన్ని ఆటపట్టించకండి కూడా.

దీనికి ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గట్టును నిలబెట్టే సీప్యాప్ యంత్రం ఉంది, 1981 నుంచీ వాడుతున్నారు. మీసాల దగ్గర మాస్కు సరిగా అతుక్కోకపోతే గాలి కారుతుంది. గాలికి తేమ కలిపేందుకు యంత్రానికుండే నీళ్ల డబ్బాలో కుళాయి నీళ్లు పోస్తే గార పడుతుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. కానీ ముందు పరీక్ష జరగాలి. వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ కట్టుకుని ఒక రాత్రి పడుకోవడమే, నొప్పుండదు.

ఈ రాత్రి సెకన్ల ముల్లున్న వాచీ పట్టుకుని తాతగారి పక్కన అరగంట కూర్చోండి. గురక ఎన్నిసార్లు ఆగిందో, ఒక్కోసారి ఎన్ని సెకన్లో రాయండి. ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుగారికి ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత ఆయన్ని మెల్లగా పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, ఇంకో అరగంట లెక్కపెట్టండి. రెండు లెక్కలూ నాకు పంపండి.

మీ పెద్ద మావయ్య