ప్రోగ్రెసివ్ మెటల్‌లో తరువాతి ఆల్బమ్ ఏది? ఆ చిక్కు వెనుక చరిత్ర

2001 మార్చిలో స్వీడన్ బృందం ఓపెత్ ‘బ్లాక్‌వాటర్ పార్క్’ విడుదల చేసింది. మే నెలలో అమెరికా బృందం టూల్ నుంచి ‘లాటరలస్’ వచ్చింది. హెవీ మెటల్ బరువుకు పొడవైన, చిక్కని రచనలను జోడించే ప్రోగ్రెసివ్ మెటల్‌కు కొత్తవారికి ఎవరు జాబితా ఇచ్చినా ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి నచ్చింది కదా అని రెండోది పెట్టుకున్నవారు చాలాసార్లు తెల్లబోతారు. మొదటిదానిలో మెటల్‌లో అతి కరకు శాఖ అయిన డెత్ మెటల్ గొంతు గర్జన ఉంటుంది, అది ఆగీ ఆగకముందే మెత్తని అకూస్టిక్ గిటార్ అందుకుంటుంది. రెండోదానిలో ఆ గర్జన లేదు. బేస్ గిటార్ మీద మొదలైన చిన్న వరుస చుట్టూ డ్రమ్స్ నెమ్మదిగా పేరుకుంటూ పోతాయి.

రెండూ గొప్ప ఆల్బమ్‌లే. అయితే ఒకటి విన్నవారు వెంటనే రెండోది వినాలనడానికి కారణమేమీ కనిపించదు. కొత్త శ్రోత తడబడితే తప్పు అతని చెవిది కాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కోరికలతో బయలుదేరిన సంగీతకారులందరినీ తరువాతి కాలం ఒకే పేరుతో పిలిచింది. చిక్కంతా అక్కడే ఉంది.

మూలాలు 1960ల చివర ఉన్నాయి. 1969లో బ్రిటన్ బృందం కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ రాక్ బరువును, జాజ్ స్వేచ్ఛను ఒకచోట చేర్చింది. కెనడా బృందం రష్‌ది మరింత తెగువ. 1975లో వారి ఆల్బమ్ ఒకటి సరిగా అమ్ముడుపోక, చిన్న పాటలు చేయమని రికార్డు కంపెనీ ఒత్తిడి తెచ్చింది. వారు మరుసటి ఏడాది ‘2112’ రికార్డులో ఒక వైపు మొత్తాన్ని ఇరవై నిమిషాల ఒకే రచనతో నింపారు. ఆ ఆల్బమే వారిని నిలబెట్టింది. ఆ తరువాత ఈ సంగీతంలో కనిపించే మొండితనానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1980ల నడుమ అమెరికాలో ఫేట్స్ వార్నింగ్, వాచ్‌టవర్, క్వీన్స్‌రైక్ ఆ నిడివిని, చిక్కని లయ లెక్కలను హెవీ మెటల్‌లోకి తెచ్చాయి. క్వీన్స్‌రైక్ 1988 నాటి ‘ఆపరేషన్: మైండ్‌క్రైమ్’లో ఆల్బమంతా ఒకే కథ నడుస్తుంది. ఈ దారిని జనంలోకి తీసుకువెళ్లింది మాత్రం డ్రీమ్ థియేటర్. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో 1985లో ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టిన బృందం అది. 1989లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, గాయకుడూ మారాడు. 1992లో ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ వచ్చేసరికి ఎనిమిది నిమిషాల ‘పుల్ మీ అండర్’ కుదించిన రూపంలో రేడియోలోనూ ఎంటీవీలోనూ మోగింది. పూర్తి పాట వింటే, ఊపు మీద ఉండగానే ఎవరో తీగ కోసేసినట్టు ఆఖరి క్షణంలో చటుక్కున ఆగిపోతుంది. ఆ విజయం తరువాత చాలామందికి ప్రోగ్రెసివ్ మెటల్ అంటే ఈ ఒక్క బృందమే. ఎత్తైన స్వరం, కీబోర్డు, వేళ్ల వేగం ఈ సంగీతానికి గుర్తులైపోయాయి.

ఈ శాఖలో వరుస ముఖ్యం. 1992 ఆల్బమ్‌లో ‘మెట్రోపొలిస్’ మొదటి భాగం ఉంది. దాని కొనసాగింపే 1999 నాటి ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’, గంటకు పైగా సాగే ఒకే కథ. చాలా జాబితాల్లో ముందుండే ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. మొదటి భాగం చెవిలో ఉన్నవారికే రెండో దానిలో తిరిగి పలికే స్వరాలు అందుతాయి.

అదే కాలంలో ఫ్లోరిడాలో మరో శాఖ పుట్టింది. డెత్ అనే బృందం 1991లో చేసిన ‘హ్యూమన్’లో గిటార్, డ్రమ్స్ వాయించిన ఇద్దరు యువకులు 1993లో తమ బృందం సినిక్‌తో ‘ఫోకస్’ తెచ్చారు. అందులో గర్జన పక్కనే యంత్రం నుంచి వచ్చినట్టుండే గొంతు, జాజ్ స్వరాలు వినిపిస్తాయి. గర్జననూ సున్నితత్వాన్నీ ఒకే పాటలో ఇముడ్చుకున్న ఓపెత్‌ను ఈ డెత్ మెటల్ వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుంది. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ నిర్మాణంలో బ్రిటన్ బృందం పోర్క్యుపైన్ ట్రీ నాయకుడు స్టీవెన్ విల్సన్ చేయి ఉంది. గర్జన దగ్గర ఆగిపోయేవారికి అతనే మంచి వారధి. పోర్క్యుపైన్ ట్రీ ‘ఇన్ ఆబ్సెన్షియా’ (2002), ఆ తరువాత గర్జన అసలే లేని ఓపెత్ ‘డామ్నేషన్’ (2003) విని వస్తే ‘బ్లాక్‌వాటర్ పార్క్’ తలుపు తెరుచుకుంటుంది.

స్వీడన్‌లోనే మెషుగ్గా పూర్తిగా లయనే పట్టుకుంది. 2008 నాటి ‘బ్లీడ్’ను శ్రద్ధగా వినండి. రెండు పాదాలూ గిటార్‌తో కలిసి విరిగిన లయను పరుగెత్తిస్తుంటే, సింబల్ మీద చేయి మామూలు నాలుగు లెక్కను వదలకుండా కొడుతుంది. ఆ చేతిని పట్టుకుంటే పాట నిలుస్తుంది, పాదాల వెంట పోతే దారి తప్పుతుంది. 2010 ప్రాంతంలో పెరిఫరీ, టెసరాక్ట్ వంటి బృందాలతో వచ్చిన జెంట్ (విరిగిన లయల బరువైన గిటార్ శైలి) అలకు ఊట ఇదే. పెరిఫరీ నచ్చినవారికి డ్రీమ్ థియేటర్ కంటే ముందు మెషుగ్గానే ఇవ్వాలి.

టూల్ వీటిలో ఏ శాఖలోనూ సరిగా ఇమడదు. ‘లాటరలస్’ పాటలో మాటల్లో పలికే అక్షరాల (సిలబుల్స్) సంఖ్య, ముందున్న రెండు అంకెలను కలిపితే తరువాతిది వచ్చే ఫిబొనాచీ వరుసలో పెరిగి తగ్గుతుంది. అయినా అక్కడ వేళ్ల ప్రదర్శన కంటే నిదానమే ఎక్కువ. 2019 ఆగస్టు వరకు ఈ బృందం ఆల్బమ్‌లు స్ట్రీమింగ్‌లో లేవు. అప్పటిదాకా యాప్‌ల సూచనలనే నమ్ముకుని వెళ్లిన శ్రోతలకు ఈ దారి ఉన్నట్టే తెలియలేదు.

అందుకే ‘అత్యుత్తమ 50’ వంటి జాబితాల కంటే, మీరు ఇప్పటికే ప్రేమించిన ఆల్బమ్‌లో ఏది పట్టుకుందో చూసుకోవడం మేలు. కథ పట్టుకుంటే క్వీన్స్‌రైక్, లయ పట్టుకుంటే మెషుగ్గా, వాతావరణం పట్టుకుంటే విల్సన్ చేయి ఉన్నవి. ఆ తరువాత ఆల్బమ్ వెనుక ఉన్న పేర్లను, సంవత్సరాన్ని చూడండి. బృందం పేరు ఒక్కటే చాలదు. ఓపెత్ 2011లో ‘హెరిటేజ్’తో గర్జనను పక్కన పెట్టి 1970ల రాక్ వైపు మళ్లింది. ఆ గొంతు మళ్లీ ఆల్బమ్‌లో వినిపించడానికి 2024 దాకా పట్టింది. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ నచ్చి అదే రుచి కోరేవారు ‘హెరిటేజ్’ను తరువాతికి ఉంచుకుని, వెనక్కి వెళ్లి 1999 నాటి ‘స్టిల్ లైఫ్’ అందుకోవాలి.