భద్రాచలం: ఓటేసింది ఒక రాష్ట్రంలో, తేలింది ఇంకో రాష్ట్రంలో

గోదావరి 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే భద్రాచలంలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, స్లూయిజ్‌ల (కరకట్ట తూముల) దగ్గర మోటార్లు పెట్టి కరకట్ట లోపల నిలిచిన నీళ్లను నదిలోకి తోడటం. రెండోది, ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిన పక్క ఊళ్ల గురించి "ఆ ఐదు పంచాయతీలు మాకిచ్చేయండి" అన్న తెలంగాణ డిమాండ్ మళ్లీ పైకి రావటం. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఈ మాట మంత్రుల స్థాయిలోనే వాగ్వాదంగా మారింది. 2024 జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్ ప్రజాభవన్‌లో కూర్చున్నప్పుడూ తెలంగాణ ఇదే అడిగింది. ఏడాది తిరిగేసరికి పురుషోత్తపట్నంలో రాములవారి భూముల ఆక్రమణను అడ్డుకోవడానికి వెళ్లిన ఆలయ అధికారిపై దాడి జరగడంతో మరోసారి రాజుకుంది. ఇప్పుడు దానికి నియోజకవర్గాల పునర్విభజన లెక్కలు కూడా తోడయ్యాయి.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, పిచ్చుకలపాడు, కన్నాయిగూడెం. ఆ ఐదు పంచాయతీలు ఇవే. వీటి గురించి మాట్లాడాలంటే ముందు భద్రాచలం అసెంబ్లీ నియోజకవర్గం 2014లో ఎలా రెండు ముక్కలైందో చూడాలి. రామదాసు కథ, నైజాం, తూర్పు గోదావరి నుంచి ఈ ప్రాంతం ఖమ్మం జిల్లాకు రావటం వగైరా అందరికీ తెలిసినవే. వాటిలో ఒక్క తేదీ మాత్రం, 1959, మళ్లీ అవసరమవుతుంది.

2014 ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్ జరిగింది. అప్పటికి రాష్ట్రం ఇంకా ఉమ్మడిదే. కొత్త రాష్ట్రానికి జూన్ 2 ముహూర్తం. భద్రాచలం ఎస్టీ నియోజకవర్గంలో ఎనిమిది మండలాలు ఉండేవి: వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం. గోదావరి ఎగువన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచి కింద శబరి కలిసే చోటు దాకా సాగిన పొడవాటి నియోజకవర్గం. మే 16న లెక్కింపు ముగిసింది. సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య మూడోసారి గెలిచారు.

సరిగ్గా 13 రోజులకు, మే 29న, తెలంగాణ అంతటా బంద్. కొత్తగా వచ్చిన కేంద్ర ప్రభుత్వం తొలి రోజుల్లోనే తెచ్చిన ఆర్డినెన్స్ దానికి కారణం. ఆ ఆర్డినెన్స్ ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను (భద్రాచలం, బూర్గంపాడుల్లో కొంత భాగం మినహా) ఆంధ్రప్రదేశ్‌కు మార్చింది. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ ఆమోదించగా అదే చట్టమైంది. అంటే ఏప్రిల్ ఆఖరున తెలంగాణ ఎమ్మెల్యేకు ఓటేసిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఓటర్లు జులై మధ్యకల్లా చట్టప్రకారం ఆంధ్రప్రదేశ్ పౌరులు. భద్రాచలం మండలం నుంచి పట్టణం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. చుట్టూ ఉన్న పల్లెలన్నీ అటు వెళ్లాయి. నెల్లిపాక పేరుతో మొదలై తర్వాత ఎటపాకగా మారిన మండలం అలా పుట్టింది.

ఇప్పటి గొడవంతా ఈ మలుపులోనే ఉందని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక సంగతి ఉంది. రాష్ట్ర పునర్విభజన చట్టం మొదటి రూపంలో కూడా కొన్ని ఊళ్లను ఆంధ్రాకు ఇచ్చారు. కానీ ఏవి? పోలవరం ముంపుపై 2005 జూన్ 27న నీటిపారుదల శాఖ ఇచ్చిన 111 నంబరు జీవోను కొలబద్దగా పెట్టుకుని ఇచ్చారు. కొలత ముంపు. ఆర్డినెన్స్‌తో ఆ కొలత మారిపోయింది. జీవో ప్రస్తావన పోయి, మండలాల పేర్లే నేరుగా చట్టంలోకి ఎక్కాయి. భద్రాచలం మండలానికి వచ్చేసరికి "భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా" అని రాశారు. ఆ నాలుగు మాటలతో గుడి ఇటు, గుడి మాన్యం అటు అయింది.

ఆంధ్రప్రదేశ్ వాదన బలహీనమైనదేం కాదు. ప్రాజెక్టు ఒక రాష్ట్రంలో, మునిగే ఊళ్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే భూసేకరణ, పునరావాసం ఏ అడుగూ ముందుకు పడదని, జాతీయ ప్రాజెక్టు ఏళ్ల తరబడి కోర్టుల్లో నానుతుందని వారి భయం. ఆ ఏడు మండలాలు ఇస్తేనే ప్రమాణ స్వీకారం చేస్తానని పట్టుబట్టానని చంద్రబాబు తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఇక 1959: అప్పటిదాకా భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది కాబట్టి తాము కొత్తగా తీసుకున్నదేం లేదు, పాతది వెనక్కి వచ్చిందంతే అన్నది రెండో వాదన. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ లెక్కన భద్రాచలం పట్టణాన్ని ఎందుకు వదిలేశారు? బూర్గంపాడు మండలంలోని ఊళ్లను, కుక్కునూరు, వేలేరుపాడులను ఏ పద్దులో తీసుకున్నారు? అవి భద్రాచలం నుంచి చూస్తే గోదావరికి అవతలి ఒడ్డున, పాత నైజాం ఇలాకాలోనివి. చరిత్ర పనికొచ్చిన చోట చరిత్ర, ముంపు పనికొచ్చిన చోట ముంపు.

తెలంగాణ అసెంబ్లీ 2014 జూన్‌లో, తన తొలి సమావేశాల్లోనే, ఈ ఆర్డినెన్స్‌ను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

అసలు ఇబ్బంది తర్వాత మొదలైంది. భద్రాచలం ఎమ్మెల్యే రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం వీఆర్ పురం మండలంలో ఉంది. అంటే తెలంగాణ శాసనసభ్యుడి ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో పడింది. ఆయనకు ఓటేసిన వాళ్లలో పెద్ద భాగం కూడా అటే. పింఛను ఆగిందని, రోడ్డు తెగిందని ఊరివాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. ఆయన వెళ్లేది హైదరాబాద్ అసెంబ్లీకి. ఆ అసెంబ్లీకి ఈ ఊళ్ల మీద అధికారం లేదు. అధికారం ఉన్న ఆంధ్రా అసెంబ్లీలో ఈ ఊళ్ల తరఫున ఒక్క సభ్యుడూ లేడు. కుక్కునూరు, వేలేరుపాడులదీ (అశ్వారావుపేట), బూర్గంపాడు నుంచి వెళ్లిన ఊళ్లదీ (పినపాక) ఇదే పరిస్థితి. ఖమ్మం జెడ్పీ ఛైర్మన్ ఎన్నిక కూడా ఈ మండలాల సభ్యులు ఎటు లెక్క అన్నది తేలక ఆలస్యమైంది.

2014లో ఆంధ్రప్రదేశ్‌కు మారినప్పటి నుంచి 2019 ఎన్నికల దాకా, దాదాపు ఐదేళ్లు, ఈ ఊళ్లకు తమ రాష్ట్ర శాసనసభలో ప్రతినిధి లేడు. అందులోనూ ఇవి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికొచ్చే ఆదివాసీ ప్రాంతాలు. వీళ్ల ఊళ్లను ముంచే ప్రాజెక్టు మీద, వీళ్ల పరిహారం మీద చర్చలు జరిగింది సరిగ్గా ఆ ఐదేళ్లలోనే. ఏదైనా మైదాన ప్రాంతపు నియోజకవర్గానికి ఐదు నెలలు ఎమ్మెల్యే లేకపోతే ఎంత రచ్చ జరిగేదో ఊహించుకోవచ్చు.

తెలంగాణ అసెంబ్లీని 2018 సెప్టెంబరు 6న ముందస్తుగా రద్దు చేయటంతో విషయం తప్పనిసరిగా తేల్చాల్సి వచ్చింది. ఓటర్ల జాబితాలు ఎలా తయారు చేయాలి, ఈ మండలాల వాళ్లు ఎక్కడి ఓటర్లు అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. ఆ నెలలోనే నియోజకవర్గాల ఉత్తర్వు సవరించారు. ఎటపాక, చింతూరు, కూనవరం, వీఆర్ పురం రంపచోడవరంలో కలిశాయి. కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో. లోక్‌సభకు వచ్చేసరికి మొదటి నాలుగూ అరకు కిందికి, మిగతావి ఏలూరు కిందికి. ఒకప్పుడు భద్రాచలం పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. 2009 నుంచి అది లేదు, పట్టణం ఇప్పుడు మహబూబాబాద్ కింద ఉంది.

ఈ కోత వల్ల ఎవరు నష్టపోయారో ఫలితాలే చెబుతాయి. భద్రాచలం సీపీఎం కోట. కుంజా బొజ్జి 1985, 1989, 1994ల్లో వరుసగా మూడుసార్లు గెలిచారు. తర్వాత రెండుసార్లు రాజయ్య. 2009లో ఒక్కసారి కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి గెలిస్తే, 2014లో రాజయ్యే తిరిగి తీసుకున్నారు. ఆ పార్టీకి పట్టున్నది ఎక్కువగా శబరి వైపు పల్లెల్లో. అవి పోయాయి. 2018లో సీపీఎం మాజీ ఎంపీ మిడియం బాబూరావును నిలబెట్టినా లాభం లేకపోయింది. ములుగు నుంచి వచ్చిన కాంగ్రెస్ అభ్యర్థి పొదెం వీరయ్య గెలిచారు. 2023లో బీఆర్ఎస్ అభ్యర్థి తెల్లం వెంకట్రావు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది సీట్లలో ఆ పార్టీకి దక్కింది అదొక్కటే. కొన్ని నెలలకు ఆయన కాంగ్రెస్‌లో చేరారు. ఆ ఫిరాయింపు పిటిషన్ల కథ వేరే, ఇక్కడ దాని జోలికి వెళ్లను.

మరి రాజయ్య? ఏ రాష్ట్ర అసెంబ్లీకి పోటీ చేయాలన్నా ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. సొంతూరి ఓటర్ల జాబితా ఆంధ్రాకు మారింది. 2019లో ఆయన రంపచోడవరం నుంచి పోటీ చేశారు. మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యేగా చేసిన మనిషి పక్క రాష్ట్రంలో, మారేడుమిల్లి ఘాట్ అవతల, తనను పెద్దగా ఎరగని ఓటర్లను అడగాల్సి వచ్చింది. ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనాతో చనిపోయారు.

ఇక ఐదు పంచాయతీల దగ్గరికి వద్దాం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లే బస్సు పట్టణం దాటగానే ఎటపాకలో ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తుంది. కాసేపటికి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. నియోజకవర్గ కేంద్రం నుంచి సొంత నియోజకవర్గంలోని మండలానికి వెళ్లాలంటే రాష్ట్రం దాటి రావాలి. జటాయువు పడిన చోటని జటాయుపాక, అదే ఎటపాక అయిందని స్థానికులు చెబుతారు. ఆ స్థలపురాణమంతా రాములవారి గుడితో ముడిపడి ఉన్నదే. పురుషోత్తపట్నంలో ఆలయానికి దాదాపు 890 ఎకరాలున్నాయి. ఆక్రమణలు తొలగించమని హైకోర్టు చెప్పినా, తెలంగాణ దేవాదాయ శాఖ సిబ్బంది అక్కడికి వెళ్లాలంటే ఆంధ్రా పోలీసుల, రెవెన్యూవాళ్ల సాయం కావాలి. 2011 లెక్కల్లోనే 50 వేల జనాభా ఉన్న పట్టణానికి చెత్త వేసుకోవడానికి జాగా లేదు. పట్టణం చుట్టూ కట్టిన కరకట్టను పొడిగించాలన్నా అవతల ఉన్నది పొరుగు రాష్ట్రమే.

ఐదు పంచాయతీల వాళ్ల మాటా అంతే. ఆసుపత్రి, కాలేజీ, సంత, బస్టాండు అన్నీ దగ్గర్లో ఉన్న భద్రాచలంలోనే. ఎమ్మెల్యే ఆఫీసు ఉన్న రంపచోడవరం మాత్రం వంద కిలోమీటర్లకు పైనే. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కలెక్టరేట్ పాడేరుకు పోయినప్పుడైతే ఇంకా దూరం. 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పాటుతో ఆ దూరం కొంత తగ్గింది. ఇప్పుడు మీ కష్టం తీరింది కదా అని ఆంధ్రా వైపు నుంచి ఒక మాట వినిపిస్తోంది. ఐదు ఇస్తే రేపు మిగతా ఊళ్లూ అడుగుతారన్నది మరో మాట.

ఇవ్వాలనుకున్నా ఇద్దరు ముఖ్యమంత్రులు సంతకాలు పెట్టుకుంటే సరిపోదు. రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటు చట్టం చేయాలి. ఊళ్లు కదిలితే ఓట్లూ కదలాలి. రంపచోడవరం జాబితాలో తీసి భద్రాచలంలో కలపాలి. 2014లో ఈ రెండో పనికి నాలుగేళ్లు పట్టింది. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే చూద్దామనే వారూ ఉన్నారు. రాష్ట్ర పునర్విభజన చట్టంలో తెలంగాణకు 153, ఆంధ్రకు 225 అసెంబ్లీ సీట్లని రాసి ఉన్నా, 2026 తర్వాతి జనగణన దాకా కుదరదన్న వాదనే 2025 జులైలో సుప్రీంకోర్టులో నెగ్గింది. అప్పుడు లక్షన్నర ఓటర్లు కూడా లేని, రాష్ట్రంలోనే అతి చిన్న నియోజకవర్గమైన భద్రాచలం రూపం మళ్లీ మారక తప్పదు. కానీ పునర్విభజన కమిషన్ రాష్ట్ర సరిహద్దును ముట్టుకోలేదు. ఐదు పంచాయతీలు అటు ఉండగా గీతలు గీస్తే భద్రాచలానికి ఓటర్లను తేవాల్సింది గోదావరి అవతలి నుంచే.

2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. భద్రాచలం పట్టణంలో ఓటర్లు మహబూబాబాద్ ఎంపీ కోసం ఒక్క బటన్ నొక్కి బయటికొచ్చారు. నడక దూరంలో ఉన్న ఎటపాకలో రెండు బటన్లు: ఒకటి అరకు ఎంపీకి, ఇంకొకటి రంపచోడవరం ఎమ్మెల్యేకు.