ఓటేస్తే వాటా

మామూలుగా ఒక పోస్టుకి లైక్ కొడితే మనకు ఒరిగేదేమీ ఉండదు. రాసినవాళ్లతోపాటు ఓటేసినవాళ్లకీ డబ్బు ఇవ్వాలన్న ఆలోచనతో 2016లో స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లు కలిసి నడిపే ఉమ్మడి లెక్కల పుస్తకం), దాని మీద పోస్టులు రాసుకునే స్టీమిట్ సైటు వచ్చాయి. మొదలుపెట్టింది నెడ్ స్కాట్, డాన్ లారిమర్. ఆ ఏడాది జూలై 4న తొలి చెల్లింపులు జరిగాయి. ఈ డబ్బు ప్రకటనల నుంచి వచ్చేది కాదు. బ్లాక్‌చెయిన్ కొత్తగా పుట్టించే నాణేల్లో పెద్ద భాగం ఒక రివార్డ్ పూల్‌లోకి వెళ్తుంది, అందరూ పంచుకోవాల్సింది అందులోంచే. ఒక పోస్టుకి ఎక్కువ పోతే మిగతావాటికి ఆ మేర కోత. తర్వాతి గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

అందరి ఓటుకీ ఒకే బరువు ఉండదు. ఖాతాలో లాక్ చేసి ఉంచిన నాణేలని స్టీమ్ పవర్ అంటారు. అది ఎంతో, ఓటుకి అంత బరువు. పైగా మొదట్లో పోస్టుకి పడిన మొత్తం బరువుని వర్గం చేసి వాటా కట్టేవారు. 1 యూనిట్ ఉన్నవారి ఓటు ఒక్కటే పడిన పోస్టుకి ఒక పైసా వస్తే, 100 యూనిట్లు ఉన్నవారి ఓటు ఒక్కటే పడిన పోస్టుకి 10,000 పైసలు. ఎవరికి వారు ఓటేసుకుంటే గిట్టుబాటు కాకూడదు, పదిమంది మెచ్చిందే పైకి రావాలి అన్నది ఉద్దేశం. జరిగింది వేరు. వేల్స్ అని పిలిచే పెద్ద ఖాతాల్లో ఒక్కటి మెచ్చినా సరిపోయేది.

2017 జూన్‌లో 19వ హార్డ్ ఫోర్క్‌తో, అంటే బ్లాక్‌చెయిన్ నియమాలు మార్చే అప్‌డేట్‌తో, ఆ వర్గం చేసే లెక్క పోయింది. 100 రెట్ల పవర్‌కి 100 రెట్ల వాటా, అంతే. చిన్న ఖాతాలు సంబరపడ్డాయి. కానీ అదే మార్పుతో సొంత పోస్టుకి ఓటేసుకోవడం చిన్నవాళ్లకీ గిట్టుబాటైంది, ఓట్లు అమ్ముకోవడం వ్యాపారమైంది.

డబ్బు తీసుకుని దానంతటదే ఓటేసే ప్రోగ్రాముల్ని బిడ్ బాట్‌లు అనేవారు. వాటి పనితీరు చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక పూర్తి ఓటుకి 2 శాతం ఓటు శక్తి ఖర్చవుతుంది, అది తిరిగి నిండడానికి 2.4 గంటలు పడుతుంది. కాబట్టి బాట్ 2.4 గంటలకోసారి వేలం పెట్టేది. మీరు నాణేలు పంపుతూ మెమోలో మీ పోస్టు లింకు పెడతారు. గడువు అయ్యాక, ఎవరు ఎంత పంపారో ఆ నిష్పత్తిలో ఓటు చీలి పడుతుంది. ఆ పోస్టు ఎవరూ చదవక్కర్లేదు. ఎక్కువమంది బిడ్ పెట్టిన రౌండులో చిక్కుకుంటే, పెట్టిన డబ్బు కూడా తిరిగి రాదు.

చదివి ముందుగా ఓటేసినవారికి క్యూరేషన్ వాటా, అంటే ఓటర్లకి దక్కే వాటా, ఎక్కువ అన్న నియమానిదీ ఇదే కథ. మరీ తొందరపడకుండా మొదటి 30 నిమిషాల్లో వేసిన ఓట్ల వాటాకి కోత పెట్టారు. బాట్‌లు నిమిషాలు లెక్కపెట్టుకుని ఓటేశాయి. తర్వాత ఆ గడువుని 15కి, ఆపై 5కి తగ్గించారు.

అడ్డుకునే దారి లేదా? ఉంది, పోస్టుకి వచ్చే వాటాని తగ్గించే వ్యతిరేక ఓటు, డౌన్‌వోట్. స్టీమ్ ఎలా పనిచేస్తుందో దాని రూపకర్తలు వివరించిన శ్వేతపత్రంలో బుట్టలో పీతల కథ ఉంది. మనం తిట్టడానికి వాడే కథని వాళ్లు మెచ్చుకోలుగా వాడారు: ఎవరైనా అన్యాయంగా పైకి ఎగబాకితే మిగతావాళ్లే కిందికి లాగుతారట. అయితే లాగే పీతకి ఏం దక్కుతుంది? అప్‌వోట్ వేస్తే ఆదాయం. అదే శక్తితో డౌన్‌వోట్ వేస్తే ఆదాయం పోతుంది, పైగా ఎదుటివారు కక్షగట్టి మన పోస్టుల మీద పడతారన్న టెన్షన్. నా దృష్టిలో అసలు లోపం ఇదే. దాన్ని ముట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది.

2019 ఆగస్టులో 21వ హార్డ్ ఫోర్క్‌తో డౌన్‌వోట్లకి విడిగా కొంత శక్తి కేటాయించారు. అప్పటిదాకా రచయితకు 75, ఓటర్లకు 25గా ఉన్న పంపకం చెరి సగమైంది. మరీ తక్కువ ఓట్లు పడిన పోస్టులకి వాటా తగ్గేలా లెక్కని మళ్లీ కొంచెం వంచారు. ఓట్ల అమ్మకం బాగా తగ్గింది.

2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నారు. నెట్‌వర్క్ నడిపే విట్నెస్‌లను ఎన్నుకునేదీ లాక్ చేసిన నాణేల బరువుతోనే కాబట్టి ఆ పెత్తనం మీద పోరు నడిచింది. చివరికి మార్చి 20న కొందరు విడిపోయి హైవ్ అనే వేరే బ్లాక్‌చెయిన్ పెట్టుకున్నారు.

హైవ్ 2021లో లెక్కని మళ్లీ తిన్నగా చేసి, ముందు ఓటేసినవారికి అదనం అన్న నియమం తీసేసింది. మొదటి 24 గంటల్లో ఎప్పుడు ఓటేసినా క్యూరేషన్ లెక్క ఒకటే. నిమిషాల పందెం ఆగింది. ట్రెయిల్స్ మాత్రం అలాగే ఉన్నాయి: ఒక ఖాతాని ఎంచుకుంటే, అది ఓటేసిన చోటల్లా మీ ఓటూ దానంతటదే పడుతుంది, మీరు నిద్రలో ఉన్నా.